అడిగినవాడికి లేదనలేదు

2022 మే నెలలో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ తొమ్మిదో వెర్షన్ విడుదలైంది. కొత్తగా ఏం వచ్చాయో చెప్పే పేజీలు చాలామంది చదివారు. ఏం పోయాయో చెప్పే పేజీలు మాత్రం సర్వర్లు మోసేవాళ్లే చదువుతారు, పేపర్లో శ్రద్ధాంజలి ఫొటోలు వెతుక్కునే పెద్దవాళ్లలాగా. తీసేసినవాటి పట్టికలో నాలుగు పేర్లు కనిపించాయి: వైపీసర్వ్, వైపీబైండ్, వైపీ-టూల్స్, ఎన్ఎస్ఎస్-ఎన్ఐఎస్. నాలుగూ ఒకే ఇంటివి. ఆ ఇంటిపెద్ద పేరు ఎన్ఐఎస్, అంటే నెట్‌వర్క్ ఇన్ఫర్మేషన్ సర్వీస్. వయసు ముప్ఫై ఏడేళ్లు. సాఫ్ట్‌వేర్ లెక్కలో అది నిండు నూరేళ్ల కంటే ఎక్కువే. అయినా పండుటాకు రాలినట్టు పోలేదు అతను. తన ఇంట్లో పోలేదు, తన పేరుతో కూడా పోలేదు. అందుకే ఈ కథ చెప్పుకోవాలనిపించింది.

కర్ణుడి చావుకు కారణాలు అనేకం అంటారు. ఎన్ఐఎస్ చావుకూ అన్ని ఉన్నాయి. పైగా ఇతనూ సూర్యుడి ఇంట పుట్టినవాడే. 1982లో కాలిఫోర్నియాలో వినోద్ ఖోస్లా, ఆండీ బెక్టోల్‌షైమ్, స్కాట్ మెక్‌నీలీ, వాళ్ల వెంటనే వచ్చి చేరిన బిల్ జాయ్ నిలబెట్టిన సన్ మైక్రోసిస్టమ్స్ ఇతని ఇల్లు. (నిజానికి ఆ పేరులోని సన్ సూర్యుడు కాదు, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నెట్‌వర్క్ అనే మూడు మాటల తొలి అక్షరాలు. లోకం సూర్యుడనే అనుకుంది, వాళ్లూ కాదనలేదు.)

ఆ రోజుల్లో సన్ వాళ్లు ఒక సౌకర్యం కనిపెట్టారు. ఒక యంత్రంలో ఉన్న డిస్కును ఇంకో యంత్రం తనదే అన్నట్టు వాడుకోవచ్చు. దాని పేరు నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. బాగానే ఉంది కానీ యూనిక్స్‌కి మనుషుల పేర్లు పట్టవు, నంబర్లే పడతాయి. ఫైలు మీద యజమాని పేరు ఉండదు, 105 అనో 212 అనో ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో ప్రతి యంత్రమూ తన పాస్‌వర్డ్ ఫైల్లో తానే రాసుకునేది. ఈ గదిలోని యంత్రానికి 105 అంటే రమణ, పక్క గదిలోని దానికి 105 అంటే జానకి అనుకోండి. రెండిటికీ డిస్కు కలిపిన మరుక్షణం రమణ రాసుకున్న థీసిస్‌ను జానకి తెరవగలదు, దిద్దగలదు, చెరిపేయగలదు. యంత్రం అడ్డు చెప్పదు. దాని దృష్టిలో ఆమే యజమానురాలు. ఒకే ఇంటి నంబరు రెండు వీధుల్లో ఉంటే పోస్ట్‌మాన్ మాత్రం ఏం చేస్తాడు?

ఊరంతటికీ ఒకే చిట్టా ఉండాలి. ఆ అవసరంలోంచి 1985 ప్రాంతంలో పుట్టినవాడే మనవాడు. అప్పుడు పెట్టిన పేరు ఎల్లో పేజెస్, పసుపుపచ్చ పేజీలు. టెలిఫోన్ డైరెక్టరీ వెనకభాగం రంగు అది. ముద్దుపేరు వైపీ. అయితే బ్రిటన్‌లో ఆ మాట బ్రిటిష్ టెలికామ్ వారి రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్కు. పేరు మార్చక తప్పలేదు. పసుపుపచ్చ పోయి, ఆఫీసు ఫైలు మీద అట్టలాంటి ఎన్ఐఎస్ వచ్చింది. బారసాలలో పెట్టిన పేరు బడిలో మారిన పిల్లాడిని ఇంట్లో వాళ్లు పాత పేరుతోనే పిలుస్తారు. ఇక్కడా అంతే. ఆదేశాలన్నీ వైపీతోనే మొదలవుతాయి: వైపీక్యాట్, వైపీమ్యాచ్, వైపీపాస్‌వర్డ్. ఏ కోర్టూ వాటి జోలికి పోలేదు.

పని తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఒక యంత్రం పెద్ద. దాని దగ్గర అసలు చిట్టాలుంటాయి: మనుషులు, గుంపులు, యంత్రాల చిరునామాలు. కొత్త మనిషి చేరితే ఒక వరుస రాసి, వీఏఆర్-వైపీ అనే డైరెక్టరీలోకి వెళ్లి మేక్ అని కొట్టాలి. చిట్టాలు చిన్న చిన్న మ్యాపులుగా కుదురుకుంటాయి. పేరుతో వెతికేవాళ్లకు ఒకటి, నంబరుతో వెతికేవాళ్లకు ఇంకొకటి. ఆ మ్యాపుల నకళ్లు కింది సర్వర్లకు వెళ్లిపోతాయి. పనిచేసే యంత్రాల్లో పాస్‌వర్డ్ ఫైలు చివర ఒకే ఒక్క ప్లస్ గుర్తు ఉండేది. ఇక్కడితో నాకు తెలిసింది అయిపోయింది, మిగతాది ఆయన్నడగండి అని ఆ గుర్తుకు అర్థం. ఒక అక్షరంలో అంత వినయం యూనిక్స్‌లో మళ్లీ ఎక్కడా కనబడదు.

దీంతో ఇళ్లు కూడా కదలడం నేర్చుకున్నాయి. ఏ యంత్రం ముందు కూర్చుని లాగిన్ అయినా, ఆటోమౌంటర్ అనే తోడు ఎన్ఐఎస్‌ను అడిగి మీ హోమ్ డైరెక్టరీ ఎక్కడుందో తెలుసుకుని దాన్ని అక్కడికే తెచ్చి పెట్టేది. కిటికీ దగ్గర యంత్రం ఖాళీగా లేకపోతే తలుపు దగ్గరిది. మీ ఫైళ్లు, మీ రంగులు, మీరు సగంలో ఆపిన ప్రోగ్రామ్, అన్నీ వెంటే వస్తాయి. యూనివర్సిటీలు దీన్ని నెత్తిన పెట్టుకున్నాయి. తర్వాత చిప్ డిజైన్ కంపెనీలూ అంతే. వేలకొద్దీ యంత్రాలను ఒకే పొలంలా దున్నే చోట అంత తేలికైన పనిముట్టు మరొకటి దొరకలేదు. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఆ కొలువుల్లో పనిచేసిన మనవాళ్లు వైపీక్యాట్ అనే మాటను ఇంట్లో సరుకు పేరు చెప్పినట్టు చెబుతారు.

సర్వర్ పడిపోతే మాత్రం ఊరు ఊరంతా ఆగిపోయేది. తెర మీద ఒకటే వాక్యం వచ్చేది: ఫలానా డొమైన్‌కు సర్వర్ పలకడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను. ఎన్ని గంటలైనా అదే మాట. ఓటమి ఒప్పుకునే వాక్యం అతని నిఘంటువులో లేదు. ఆ ఇంకా ప్రయత్నిస్తున్నాను అన్న మాటను ఇప్పుడు తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

ఇక దానం సంగతి.

కవచకుండలాలు ఇమ్మని బ్రాహ్మణుడి వేషంలో ఇంద్రుడు వస్తాడని కర్ణుడికి ముందే తెలుసు. స్వయంగా సూర్యుడే కలలో కనబడి హెచ్చరించాడు. అయినా అడిగినవాడికి లేదనడం అతనికి చేతకాదు. ఎన్ఐఎస్‌కూ చేతకాదు. వైపీక్యాట్ పాస్‌వర్డ్ అని అడిగితే చాలు, సంస్థలో ఉన్న ప్రతి మనిషి పాస్‌వర్డ్ ముద్రను వరసగా చదివి వినిపించేవాడు. అడిగినవాడు ఎవరు, ఎందుకడుగుతున్నాడు అన్న ప్రశ్న అతని గుణంలోనే లేదు. డొమైన్ పేరు తెలిస్తే చాలు. ఆ డొమైన్ పేరేమో చాలాచోట్ల డిపార్ట్‌మెంట్ పేరే. ఊహించడానికి ఎంతసేపు?

ఆ ముద్రలు నేరుగా పాస్‌వర్డ్‌లు కావు, నిజమే. క్రిప్ట్ అనే మరలో తిప్పి తీసినవి. అయితే ఆ మర మొదటి ఎనిమిది అక్షరాలనే చూస్తుంది, మిగతావి వదిలేస్తుంది. దానికి కలిపే ఉప్పు నాలుగు వేల తొంభై ఆరు రకాలే. (దాన్ని నిజంగానే సాల్ట్ అంటారు, నేను కల్పించింది కాదు.) 1991లో అలెక్ మఫెట్ క్రాక్ అనే ప్రోగ్రామ్‌ను లోకం మీదకు వదిలాడు. నిఘంటువులో ఉన్న మాటలన్నీ తిప్పి తిప్పి ముద్రలతో పోల్చి చూడటమే దాని పని. రాత్రి నడిపి పెడితే తెల్లారేసరికి పెళ్లాం పేరో, కుక్క పేరో పాస్‌వర్డ్‌గా పెట్టుకున్న వాళ్లందరి గుట్టూ బయటికి వచ్చేది. అప్పటికే యూనిక్స్ వాళ్లు ముద్రలను షాడో ఫైలు అనే చీకటిగదిలో దాచడం మొదలుపెట్టారు. ఎన్ఐఎస్ ఉన్నచోట ఆ గదికి తలుపు ఉండీ లేనట్టే.

ఇవ్వడంలోనే కాదు, పుచ్చుకోవడంలోనూ అదే అమాయకత్వం. పనిచేసే యంత్రం నిద్రలేవగానే వైపీబైండ్ వీధిలో నిలబడి కేక వేసేది: ఈ డొమైన్‌కు పెద్ద ఎవరు? ముందు ఎవరు పలికితే వాళ్లే పెద్ద. గుర్తింపు కార్డు లేదు, సాక్షి లేడు. అసలు సర్వర్ కంటే ఒక్క క్షణం ముందు పలకగలిగిన తుంటరి ఎవడైనా తానే పెద్దనని చెప్పి, నంబరు సున్నా ఉన్న మనిషిని, అంటే సర్వాధికారిని, ఆ చిట్టాలోకి ఎక్కించగలడు.

1992లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ పరిశోధకులు ఇవన్నీ విడమరచి ఒక పత్రం రాశారు. సూర్యుడి కల లాంటి హెచ్చరిక అది. తర్వాత కొన్ని కట్టుదిట్టాలు వచ్చాయి. సెక్యూర్‌నెట్స్ అనే ఫైల్లో ఏ చిరునామాల వాళ్లకు జవాబివ్వాలో రాసుకోవచ్చు. పాస్‌వర్డ్ ముద్రలను వేరే మ్యాపులో పెట్టి, చిన్న నంబరు పోర్టు నుంచి అడిగిన వాళ్లకే ఇవ్వొచ్చు. చిన్న నంబరు పోర్టు వాడాలంటే ఆ యంత్రంలో రూట్ అధికారం ఉండాలి కదా, రూట్ అధికారం మన మనిషికే ఉంటుంది కదా అని ధీమా.

నా లెక్కలో అసలు చావుదెబ్బ తగిలింది ఈ కదా దగ్గరే. ఒక్కో వర్క్‌స్టేషన్ ధర మామూలు మనిషికి అందనంత ఉన్నప్పుడు ఆ ధీమా సబబే. యంత్రం సంస్థది, రూట్ తాళం సంస్థ మనిషి బొడ్లో. కానీ తొంభైల్లో చవక పీసీ వచ్చింది, దాని మీద ఊరికే దొరికే లినక్స్ వచ్చింది. హాస్టల్ కుర్రాడు కూడా తన యంత్రంలో తానే రూట్. వాడు గోడలోని సాకెట్‌కు వైరు గుచ్చి చిన్న నంబరు పోర్టు నుంచి మర్యాదగా అడిగితే ఎన్ఐఎస్ ఎప్పటిలాగే ఇచ్చేశాడు. మారింది అతను కాదు, వీధి. తమాషా ఏమిటంటే, అతని కోట గోడ కూల్చిన ఆ లినక్సే తర్వాత పాతికేళ్లు అతన్ని భుజాన మోసింది. జర్మనీకి చెందిన థోర్‌స్టెన్ కుకుక్ లాంటి వాళ్లు అతని పనిముట్లను లినక్స్‌లో ఓపికగా బతికించారు.

సన్ వాళ్లు ఊరుకోలేదు. 1992లో సొలారిస్‌తో పాటు ఎన్ఐఎస్ ప్లస్ అనే తమ్ముడిని రంగంలోకి దింపారు. వీడు అన్న చేసిన తప్పులేవీ చేయకూడదు. అడిగినవాడి గుర్తింపు చూస్తాడు, అంతస్తులుగా కొలువు తీరుస్తాడు. గుర్తింపు కోసం వాడిన తాళం 192 బిట్లది. ఆ కొలత తాళాన్ని బ్రయాన్ లామాకియా, ఆండ్రూ ఓడ్లిజ్కో అంతకు ముందు ఏడాదే లెక్కగట్టి విప్పేశారు. యుద్ధానికి వెళ్లకముందే కవచానికి చిల్లు. అది చాలదన్నట్టు వాడితో కాపురం మహా కష్టం. ఒక మనిషిని చేర్చాలంటే ఒక వరుస రాస్తే సరిపోయే చోట తాళాలు, అనుమతులు, బల్లలు. జనం తలనొప్పి భరించలేక అన్న దగ్గరికే తిరిగి వచ్చారు. సొలారిస్ 11 నాటికి తమ్ముడు కొలువులో లేడు. అతని గురించి ఇంతకంటే ఏడ్చేవాళ్లు కూడా లేరు.

పగవాడు వేరే దిక్కు నుంచి వచ్చాడు. మిషిగన్ యూనివర్సిటీలో టిమ్ హోవ్స్, అతని తోటివాళ్లు ఎల్‌డాప్ అనే తేలికపాటి డైరెక్టరీ పద్ధతిని తయారు చేశారు. 1993లో దాని తొలి ప్రమాణ పత్రం వచ్చింది. కొన్నాళ్లకు హోవ్స్ నెట్‌స్కేప్‌లో చేరాడు. బ్రౌజర్ పేరుతో ఆ కంపెనీ అప్పుడు వెలిగిపోతోంది. ఆ వెలుగు చాటున 1996లో నెట్‌స్కేప్ డైరెక్టరీ సర్వర్ బయటికి వచ్చింది. చెట్టు కొమ్మల్లా అమరిన చిట్టా, అడిగినవాడి పేరూ పాస్‌వర్డూ చూశాకే జవాబు, ఎవరు ఏ గడి చూడొచ్చో గడిగడికీ నియమం. ఎన్ఐఎస్ దగ్గర లేనివన్నీ ఉన్నాయి.

ఓడిన రాజు ఖజానాను గెలిచినవాడు జాబితా రాయించుకున్నట్టు, 1998 మార్చిలో ల్యూక్ హోవర్డ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2307 అనే పత్రం వెలువడింది. ఎల్‌డాప్‌ను ఎన్ఐఎస్‌గా వాడుకునే తీరు ఇదీ అని దాని శీర్షికే చెబుతుంది. ఎన్ఐఎస్ మోసిన మనుషులు, గుంపులు, నెట్‌గ్రూపులు, ఒక్కొక్కటీ కొత్త చిట్టాలో ఏ గడిలో కూర్చోవాలో అందులో ఉంది. వలస వచ్చిన వాళ్లలో కొందరి ఇంటిపేరు మాత్రం మారలేదు. నిస్-నెట్‌గ్రూప్, నిస్-మ్యాప్, నిస్-ఆబ్జెక్ట్. శత్రువు ఇంటి స్కీమాలో ఆ పేర్లు ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి.

గెలిచినవాడి ఇల్లు కూడా నిలిచిందా అంటే, లేదు. ఇక్కడ కథ కాస్త అడ్డదిడ్డంగా నడుస్తుంది, ఓపిక పట్టాలి. 1998 నవంబర్‌లో నెట్‌స్కేప్‌ను కొంటున్నట్టు ఏఓఎల్ ప్రకటించింది. సర్వర్ల వ్యాపారం చూడటానికి సన్‌తో చేతులు కలిపింది. ఐప్లానెట్ అని ఆ పొత్తుకు పేరు. అంటే ఎన్ఐఎస్‌ను కన్న ఇంట్లోకే అతన్ని పడగొట్టిన డైరెక్టరీ నడిచి వచ్చింది, దర్జాగా, ముందు గుమ్మంలోంచి. కన్నవాళ్లే దానికి హారతి పట్టారు. పొత్తు ముగిశాక కోడ్ రెండు పాయలైంది. ఒక పాయ సన్ దగ్గర ఉండిపోయింది. ఏఓఎల్ దగ్గర మూలన పడి ఉన్న రెండో పాయను 2004లో రెడ్ హ్యాట్ కొని, 2005లో ఫెడోరా డైరెక్టరీ సర్వర్ అన్న పేరుతో అందరికీ తెరిచిపెట్టింది. 2009లో దాని పేరు 389 డైరెక్టరీ సర్వర్‌గా మారింది. ఎల్‌డాప్ తలుపు నంబరు అది. ఎన్ని ఇళ్లు మారినా ఇక పేరు మార్చే పని లేకుండా ఇంటి నంబరునే పేరుగా పెట్టుకున్నారేమో అనిపిస్తుంది నాకు.

సన్ సంగతి తెలిసిందే. మనవైపు దివాలా తీసినవాణ్ని ఐపీ పెట్టాడంటారు. సన్ ఐపీ పెట్టలేదు, అమ్ముడుపోయింది. 2009 ఏప్రిల్‌లో 740 కోట్ల డాలర్లకు బేరం కుదిరితే, 2010 జనవరి చివరికల్లా ఒరాకిల్ చేతికి వెళ్లిపోయింది. మెన్లో పార్క్‌లో సన్ ఖాళీ చేసిన ఆవరణలోకి ఆ మరుసటి ఏడాది ఫేస్‌బుక్ దిగింది. గేటు దగ్గర బొటనవేలు బొమ్మతో పెట్టిన పెద్ద బోర్డు ముందు జనం ఫొటోలు దిగారు. ఆ బోర్డు వెనక్కి వెళ్లి చూస్తే సన్ పేరు అలాగే ఉండేది. కొత్త బోర్డు చేయించకుండా పాతదాన్నే తిరగేసి వాడుకున్నారు.

తల్లిదండ్రులు లేరు, తమ్ముడు లేడు. ఎన్ఐఎస్ పరాయి పంచన చేరిన రోజులివి.

సంస్థలన్నీ కొత్త డైరెక్టరీలకు మారుతున్నా, మూలగదుల్లో పాత యంత్రాలు మిగిలిపోయాయి. ఎప్పటిదో ఏఐఎక్స్ పెట్టె, ఇంకెప్పటిదో హెచ్‌పీ-యూఎక్స్, పాత సొలారిస్. వాటికి ఎల్‌డాప్ సరిగా రాదు, వాటి మీద నడిచే ప్రోగ్రామ్‌ను ఆపే ధైర్యం ఎవరికీ లేదు. వాటికి వచ్చిన భాష ఒకటే, ఎన్ఐఎస్. వాటి కోసం 2008 ప్రాంతంలో రెడ్ హ్యాట్ ఇంజనీర్లు స్లాపీ-నిస్ అనే ప్లగ్-ఇన్ రాశారు. స్లాపీ అంటే డైరెక్టరీ సర్వర్‌కు బయటి కోడ్ తగిలించుకునే కిటికీ. ఆ పొట్లంలో రెండు ప్లగ్-ఇన్‌లు ఉన్నాయి. ఒకటి డైరెక్టరీలోని మనుషులను ఎప్పటికప్పుడు ఎన్ఐఎస్ మ్యాపులుగా మార్చి, ఎల్‌డాప్ రాని పాత యంత్రాలకు పాత భాషలో జవాబు చెబుతుంది. రెండోది అవే వివరాలను పాత ఎల్‌డాప్ క్లయింట్లు గుర్తుపట్టే ఆకారంలో చూపిస్తుంది. మనుషుల, యంత్రాల గుర్తింపులన్నీ చూసుకునే ఫ్రీఐపీఏ అనే పెద్ద కాపురంలో ఈ రెండిటికీ ఒక మూల గది దొరికింది.

ఆలోచిస్తే ఇదెంత వింత బతుకో చూడండి. డిస్కు మీద ఎన్ఐఎస్ మ్యాపు ఒక్కటీ లేదు. మేక్ కొట్టే పని లేదు. అసలు ఎన్ఐఎస్ సర్వరే లేదు. ఎల్‌డాప్ సర్వర్ కడుపులో కూర్చుని, దాని జ్ఞాపకంలోంచి ఏరుకున్న పేర్లతో, ఒక ప్లగ్-ఇన్ చచ్చిపోయిన గొంతును అనుకరిస్తోంది. ఆవలి గదిలోని ముసలి యంత్రానికి ఆ తేడా తెలియదు. పాత మిత్రుడే పలుకుతున్నాడనుకుంటుంది. ఒక్క చోట మాత్రం గొంతు మారింది. కొత్త పద్ధతిలో దాచిన పాస్‌వర్డ్ ముద్ర దగ్గరికి వచ్చేసరికి ఆ ప్లగ్-ఇన్ నక్షత్రం గుర్తు పెట్టి ఊరుకుంటుంది. అడిగినవాడికల్లా ఇచ్చినవాడు, ప్రాణం పోయాక, మొదటిసారి లేదన్నాడు.

పరాయి పంచన బతుకు ఎంత పరువుగా గడిచినా ఇంటివాళ్లకు బరువే. ప్లగ్-ఇన్‌కు వేరే వంటగది ఉండదు. డైరెక్టరీ సర్వర్ నడిచే ఆ ఒక్క ప్రాసెస్‌లోనే అదీ నడవాలి. ఇది తూలితే అదీ పడుతుంది. కొత్త వెర్షన్ తగిలించాలంటే పెద్ద సర్వర్‌నే ఒకసారి ఆపి లేపాలి. వెయ్యి మంది లాగిన్‌లు ఆ సర్వర్ మీద ఆధారపడి ఉన్నప్పుడు, మూలనున్న మూడు ముసలి పెట్టెల కోసం దాన్ని ఆపుతానంటే మేనేజర్ మొహం ఎలా ఉంటుందో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. అందుకే అప్‌డేట్ ఆదివారం తెల్లవారుజాముకు వాయిదా పడుతుంది, ఆ ఆదివారం ఇంకో ఆదివారానికి.

దానికి తోడు తాళాల తగాదా. ప్లగ్-ఇన్ తన మ్యాపులను కాపాడుకోవడానికి ఒక తాళం వేసుకుంటుంది. డైరెక్టరీ తన డేటాబేస్‌కు ఇంకో తాళం వేస్తుంది. ప్రాసెస్‌లో నడిచే ఒక దారం, అంటే థ్రెడ్, మ్యాపు తాళం చేత పట్టుకుని డేటాబేస్ తాళం కోసం నిలబడుతుంది. ఇంకో దారం డేటాబేస్ తాళం పట్టుకుని మ్యాపు తాళం కోసం నిలబడుతుంది. ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్లు ముందు నువ్వంటే ముందు నువ్వని ఆగిపోయినట్టు సర్వర్ ఉన్నపళాన బిగుసుకుపోతుంది. ప్రాసెస్ చావదు, పలకదు. స్లాపీ-నిస్ అప్‌డేట్‌లలో ఇలాంటి ముడులు విప్పినవి చాలానే ఉన్నాయి. ఎవరి మ్యాపులో ఏ మార్పు పట్టించుకోవాలి, దేన్ని చూసీ చూడనట్టు వదిలేయాలి అన్న లెక్క ప్రతిసారీ కొంచెం సవరించేవాళ్లు. ముసలాయన మంచం వరండాలో ఏ వైపు వేస్తే రాకపోకలకు అడ్డు ఉండదా అని ఇంట్లో వాళ్లు జరిపి చూసినట్టు.

తర్వాత పేరున్న గాయాలు తగిలాయి, భద్రతా లోపాల జాబితాకెక్కినవి. సీవీఈ-2015-0283. చాలా పెద్ద గుంపు గురించో, చాలా గుంపుల్లో ఉన్న మనిషి గురించో అడిగితే, జవాబు పట్టేంత చోటు మళ్లీ సరిగా తీసుకోలేక కోడ్ తిరిగిన చోటే తిరిగేది. ప్రాసెసర్ కాలిపోతుంటుంది, జవాబు రాదు. 0.54.2 వెర్షన్‌లో సరిచేశారు. ఆరేళ్లకు సీవీఈ-2021-3480. లోపలికి రావడానికి చెప్పే పేరును తప్పుడు ఆకారంలో చెబితే చాలు, ప్లగ్-ఇన్ లేని చిరునామాలో చెయ్యి పెట్టి కుప్పకూలేది. దానితో పాటే డైరెక్టరీ సర్వర్ కూడా. పాస్‌వర్డ్ అక్కర్లేదు, లోపలి మనిషై ఉండనక్కర్లేదు, గుమ్మం దగ్గర నిలబడి పేరు తప్పు చెబితే ఇల్లు కూలుతుంది. 0.56.7తో ఆ చిల్లు పూడ్చారు. పొట్లంలోని రెండిట్లో ఏది తప్పు చేసినా పొట్లం ఒకటే, నింద ఒకటే.

వెర్షన్ నంబర్లు గమనించారా? అన్నీ సున్నాతోనే మొదలవుతాయి. ఇన్నేళ్ల సేవలో ఈ ప్లగ్-ఇన్ ఒకటో నంబరుకు చేరలేదు. ఒకటో నంబరు అంటే ఇక ఇది నిలిచిందని చేసే ప్రకటన. నిలబెట్టడానికి పుట్టినది కాదిది. ఎవరో ఒకరు పోయేదాకా దీపం కొండెక్కకుండా చూడటానికి పుట్టింది.

ఇంతలో కింద వేళ్లు కోస్తున్నారు. 2017 ఆగస్టులో విడుదలైన గ్లిబ్‌సీ 2.26లో, అంటే లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామ్ నిలబడే పునాదిలో, ఎన్ఐఎస్ భాగాలు మామూలుగా కట్టడం ఆపేశారు. కావాలంటే ప్రత్యేకంగా అడగాలి. ఆ అడిగే స్విచ్ పేరులోనే కాలం చెల్లినది అన్న మాట ఉంది. ఆ భాగాలను విడదీసి వేరే పొట్లాలుగా కాపాడే పని మళ్లీ కుకుక్ మీదే పడింది. 2020లో గ్లిబ్‌సీ 2.32 సన్ ఆర్‌పీసీ అనే పాత తంతి వ్యవస్థను కూడా వదిలించుకుంది. ఎన్ఐఎస్ మాట్లాడిందంతా ఆ తంతి మీదే. ఆ తర్వాత రెండేళ్లకు, మొదట్లో చెప్పుకున్న ఆ పట్టిక.

కారణాలు లెక్కపెడితే చాలా ఉన్నాయి. ఎనిమిది అక్షరాల క్రిప్ట్ ఒకటి, ముందు పలికినవాణ్ని నమ్మిన వైపీబైండ్ ఒకటి, చవక పీసీ ఒకటి, అక్కరకు రాని తమ్ముడు ఒకడు, కన్నవాళ్లే పగవాడికి పట్టిన హారతి ఒకటి. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా కథ ఇంకొన్నేళ్లు సాగేదేమో. దానగుణం మాత్రం తీసేయలేం. అది తీసేస్తే మిగిలేది ఎన్ఐఎస్ కాదు, ఎల్‌డాప్. ఒక్క వరుస రాసి ఒక్క మాట కొడితే ఊరంతటికీ తెలిసిపోయే ఆ తేలికతనం, ఎవరినీ ప్రశ్నించకపోవడం వల్ల వచ్చింది. ఇవాళ ఒక కొత్త మనిషిని డైరెక్టరీలో చేర్చాలంటే కెర్బరాస్ అనే గుర్తింపు పద్ధతి ఇచ్చే టికెట్, సర్టిఫికెట్, గడియారాలు సరిపోయాయో లేదో చూసుకోవడం. ఇవన్నీ కావాలి, ఒప్పుకుంటాను. ఒప్పుకుంటూనే, చివర్లో ఒక్క ప్లస్ గుర్తుతో సరిపోయిన రోజుల్ని మర్చిపోలేకపోతున్నాను.

మొన్న కొత్త లినక్స్ యంత్రం ఒకటి పెట్టాను. ఎన్ఐఎస్ తాలూకు పొట్లం ఏదీ అందులో లేదు, వేద్దామన్నా దొరకదు. ఊరికే చేతులకు అలవాటైన పాత ఆదేశం కొట్టాను: వైపీడొమైన్‌నేమ్. లేదంటుందనుకున్నాను. పలికింది. హోస్ట్‌నేమ్ పొట్లంలో ఆ పేరు ఇంకా ఉంది, మనల్నెవరూ చూడటం లేదులే అన్నట్టు. అది వెళ్లి కెర్నెల్‌ను అడుగుతుంది. కెర్నెల్‌లో యంత్రం పేరు, వెర్షన్, తయారైన రోజు రాసిపెట్టే ఒక చిన్న బల్ల ఉంది. ఆ బల్లలో చివరి గడి ఎన్ఐఎస్ డొమైన్ పేరుది. అరవై నాలుగు అక్షరాలు పడతాయి. యూనేమ్ ఆదేశం మిగతా గడులన్నీ చూపిస్తుంది, దీన్ని చూపించదు. జేబులో ఫోన్ ఆండ్రాయిడ్ అయితే దాని కెర్నెల్‌లోనూ ఈ గడి ఉంది.

నా యంత్రంలో ఆ గడిలో ఏముందో తెర మీదికి వచ్చింది. రెండు బ్రాకెట్ల మధ్య ఒకే మాట: నన్. ఎవరూ లేరు.